గులాబీ చారల సంచి

ఆ దీవి ఊళ్ళో ఆడవాళ్ళు స్నానాలు చేసే మంచినీటి గుంటలో రాతికి చుట్టుకుని ఉంది ఆ సంచి. మహిళా కమిటీ పెద్ద మాలియా దాన్ని కర్రతో పైకెత్తి, చచ్చిన ఎలుకను తిప్పినట్టు ఊరంతా తిప్పింది. తెల్లటి పలచని ప్లాస్టిక్, దాని మీద గులాబీ చారలు. ఊళ్ళో ఉన్నవి రెండే కొట్లు. సెఫో కొట్టులో ఒకప్పుడు ఇచ్చిన సంచులు నల్లవి. గులాబీ చారలవి రూటా కొట్టువి. ఆ సంగతి పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఏ కొట్టులోనూ ప్లాస్టిక్ సంచి ఇవ్వకూడదని ఊరి పెద్దల సభ ఆమధ్యే కట్టడి చేసింది. ఇస్తే పెద్ద పంది దండుగ. అంతటితో పోదు, పెద్దలు మళ్ళీ చెప్పేదాకా ఆ కొట్టు గడప ఎవరూ తొక్కకూడదు. పందిని ఎక్కడో అప్పు తేవచ్చు. గడప తొక్కే మనిషి లేకపోతే రూటాకు బతుకు లేదు. మొగుడు పోయాక ఆమెనూ, మంచం పట్టిన అత్తనూ నిలబెట్టింది ఆ కొట్టే. సోమవారం సభ కూర్చుంటుంది.

రూటా ఒక్క సంచీ ఇవ్వలేదు. మిగిలిన కట్టలన్నీ మొదటిరోజే, సెఫో కట్టలతో పాటు, పదిమంది ముందే కమిటీ చేతిలో పెట్టింది. అయినా ఎవరు నమ్ముతారు? చక్కెరకు వచ్చినవాళ్ళు కొబ్బరాకు బుట్ట ముందుకు చాపి, కళ్ళు మాత్రం బల్ల కిందికి పంపుతున్నారు.

ఆడపడుచు పేపే అయితే బల్ల మీదికి వంగి గుసగుసలాడింది. "వదినా, ఒక్క కట్ట కూడా దాచలేదా? నాకు చెప్పు, ఎవరికీ చెప్పను."

"నీకు చెప్తే చర్చిలో మైకు ముందు చెప్పినట్టే."

"నీ మంచికే అడిగా."

"నా మంచి ఊరందరికీ కావాల్సొచ్చింది ఈ వారం."

ఇది సెఫో పనే అనుకుంది రూటా. తన కొట్టు మూతపడితే బాగుపడేది వాడే. పాత సంచి ఒకటి దాచి గుంటలో వేయడం ఎంత పని? ఉండబట్టలేక నేరుగా వాడి కొట్టుకే పోయి అడిగేసింది.

సెఫో కుర్చీలోంచి లేవకుండానే విన్నాడు. "అక్కా, నీ కొట్టు మూస్తే నాకు లాభమే, కాదనను. కానీ తెల్లారకముందే లేచి గుంటదాకా నడిచి సంచి వేసి రావాలా? అంత కష్టపడే మనిషినైతే ఈపాటికి ఇంకో గది కట్టుకునేవాణ్ణి."

వాడి బద్ధకం ఊరెరిగినదే. రూటా అనుమానం వాడి మీద నుంచి దిగింది గాని, ఎక్కడ వాలాలో తెలియక ఊరి మీద తిరగసాగింది.

శనివారం కమిటీ తనిఖీకి బయలుదేరింది. ఇంటింటా పక్కలు, పాత్రలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసే ఆ తనిఖీ ఎప్పుడూ ఒకటే తంతు. ఈ ఇంటి మంచి దుప్పట్లు, దోమతెరలు కమిటీ కంటే ముందే పక్కింటికి చేరుకుంటాయి. చూసేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు, వాళ్ళ ఇంట్లో పరిచిందీ అరువు దుప్పటే. కానీ ఈసారి రూటా కొట్టులో పిండి బస్తాలు కూడా తిరగేశారు. ఏమీ దొరకలేదు. తరువాత రూటా గుమ్మంలో నిలబడి మిగతా ఇళ్ళ వైపు చూసింది. గోడల్లేని ఇళ్ళు, అంతా కనిపిస్తూనే ఉంటుంది. చాపలు ఎత్తి చూశారు, వంటపాక చూశారు. పెట్టెలు మాత్రం ఎవరూ తెరవలేదు. ఎప్పుడూ తాళం ఎరగని పెట్టెలకు కూడా తాళాలు వేలాడుతున్నాయి.

వీళ్ళంతా తన దగ్గర ఏదో దాస్తున్నారు. ఏమిటది?

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారింటికి భోజనం తీసుకెళ్ళడం ప్రతి ఇంటికీ ఆనవాయితీ. రూటా ఎప్పుడూ గిన్నె అక్కడ పెట్టేసి అత్త కోసం పరుగెత్తేది. ఆ రోజు పేపే అత్త దగ్గర ఉండటంతో కాసేపు ఆగి గిన్నెలు కడిగింది. వెళ్ళబోతుంటే పాస్టరమ్మ గారు పిలిచారు.

"మీ అత్తకు తీసుకుపో అమ్మా. పంది మాంసం, చేమాకు పొట్లాలు."

చేతిలో పెట్టింది గులాబీ చారల సంచి.

రూటా సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెక్కడిది పాస్టరమ్మ గారూ?"

"కమిటీ వాళ్ళు మా కారులో టౌనుకు పంపించెయ్యమని వెనకగదిలో పెట్టి పోయారు కదా. అంత మంచి సంచులు పారెయ్యడానికి చేతులు రాలేదు. వారం వారం మిగిలిన తిండి వీటిల్లోనే కట్టి పంపిస్తున్నా. కట్టడి కొట్లకి గాని, దేవుడి ఇంటికి కాదు గదా."

"అందరికీ పంపుతున్నారా?"

"అందరికీ. నువ్వే ఆగవు, నీకెప్పుడూ కుదర్లేదు."

"గుంటలో సంచి దొరికిందంట, విన్నారా?"

"విన్నానమ్మా. టౌను నుంచి ఎవరు తెచ్చిపడేశారో."

ఆ ముఖంలో కల్లాకపటం కనిపించలేదు. ఉందేమోనని రూటా ఇంకోసారి చూసింది.

అయితే ఊరందరికీ తెలుసు. బల్ల కిందికి చూసినవాళ్ళు, గుసగుసలాడిన ఆడపడుచు, పిండి బస్తాలు తిరగేసినవాళ్ళు, అందరూ ఈ సంచుల్లో వచ్చిన మాంసం తిన్నవాళ్ళే. పాస్టరు ఇంటి మీద వేలెత్తే ధైర్యం ఎవరికీ లేదు. అందుకే ఆ వేలు రూటా మీదికి తిరిగింది. ఆమెకు మాత్రం ఆ ధైర్యం ఉందా? లేదు. కానీ ఇంటికి పోకుండా మాలియా ఇంటికి నడిచింది. సంచిని కొంగు కింద దాచలేదు.

మాలియా చాప మీద కూర్చుని విసురుకుంటోంది. రూటా ఎదురుగా కూర్చుని సంచిని ఇద్దరి మధ్యా పెట్టింది.

"తిన్నావా అక్కా? కాస్త మాంసం తెచ్చా, పంచుకుందాం."

మాలియా చెయ్యి ఆగిపోయింది. "ముందు దాని మీద గుడ్డ కప్పు. పక్కింటాళ్ళు చూస్తారు."

"చూడనీ. తిండే కదా."

"ఎవరిచ్చారు?"

"చెప్పమంటే చెప్తా. రేపు సభలో అడిగినా అదే చెప్తా."

మాలియా చూపు స్తంభం పక్కనున్న పెట్టె దాకా పోయి వచ్చింది.

"ఆ తాళం కొత్తదా అక్కా?"

"పాతదే."

"భలే మెరుస్తోంది."

పక్కింట్లో పిల్లల్ని ఎవరో అటు చూడొద్దని కసురుతున్నారు. చివరికి మాలియా సంచిని తన వైపు లాక్కుని మూతి విప్పింది. "మాంసం మెత్తగా ఉడికిందా?"

"తిని చూడు. ఆ రుచి నీకు కొత్తేం కాదు."

సోమవారం సభలో, పెద్దల్లో ఒకడైన మాలియా మొగుడే లేచి మాట్లాడాడట. సంచి టౌను వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చిందని తేల్చారు. ఏ గాలి అని ఒక ముసలి పెద్ద అడిగాడట. సభ తర్వాతి సంగతికి పోయిందట.

రూటా కొట్టు నిలిచింది. మర్నాటి నుంచి జనం ఎప్పటికంటే ఎక్కువే వచ్చారు. పేపే అయితే అక్కర్లేకపోయినా రెండు సబ్బులు ఎక్కువ కొంది. అందరూ నవ్వుతూ పలకరించారు, అత్త ఎలా ఉందని అడిగారు. అది ప్రేమో భయమో రూటాకు అంతుపట్టలేదు. తూకం వేస్తూ ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఇంతకుముందు అత్తకు మందు పోయడానికి లోపలికి వెళ్తే కొట్టును అలాగే వదిలేసేది. ఇప్పుడు తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, ఒకసారి లాగి చూసుకుని వెళ్తోంది.