పొట్టు అడిగినవాళ్లది

మా మామగారికి ఈ ఊరు నచ్చకపోవడానికి కారణం నీళ్లు కాదు, గాలి కాదు, మనుషులు అసలే కాదు. రంపపు పొట్టు. ఇక్కడ కార్ఖానాలో పడిన పొట్టునంతా బస్తాల్లో నింపి, మూతికి టేపు చుట్టి గేటు దగ్గర పెట్టాలి. వారానికోసారి కంపెనీ బండి వచ్చి తీసుకుపోతుంది. తీసుకుపోయినందుకు ఎదురు మనమే వాళ్లకి డబ్బు ఇచ్చుకోవాలి. ఆ సంగతి విన్నరోజు ఆయన చేతిలో ఉలి కింద పెట్టేసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. రేపు మనం వదిలిన గాలిని కూడా బస్తాకెత్తమంటారు కాబోలు అన్నారు.

కొండలకి అవతల, మేము వదిలి వచ్చిన ఊళ్లో, పొట్టుకి వేరే న్యాయం. కాగితం మీద ఎక్కడా లేదు, అయినా అందరికీ తెలుసు. పొట్టు అడిగినవాళ్లది. పొద్దున్నే మేకలు పెంచే ఆవిడ వచ్చి దొడ్లో పరవడానికి ఒక తట్టెడు ఎత్తుకుపోయేది. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు దిమ్మల మీద కప్పడానికి గోనెలు పట్టుకొచ్చేవాళ్లు. మిగిలింది ఇటుక బట్టీకి. సాయంత్రానికి కార్ఖానా నేల శుభ్రంగా కనపడేది. చెత్త అనే మాటే మా ఇంట్లో వినపడేది కాదు, నేను మా ఆయన్ని తిట్టినప్పుడు తప్ప.

నేను ఆ ఇంటి కోడల్ని. చెక్క నునుపు చెయ్యడం, రంగు వెయ్యడం నా పని. నోరు పెద్దదని నాకు పేరు. ఏం చెయ్యను మరి, అత్తగారు పోయాక ఆ తండ్రీకొడుకుల మధ్య మాట కదలాలంటే నేనే కదిలించాలి. రోడ్డు వెడల్పు చేస్తామని అక్కడి కార్ఖానా పడగొట్టేశారు. ఇక్కడ పార్కులకి బెంచీలు, కంచెలు చేసే పని దొరికిందని మా ఆయన అంటే ముగ్గురం మూటాముల్లె సర్దుకుని వచ్చాం.

పార్కు బెంచీ ఏడాది పొడుగునా వానలో తడవాలి, చెద పట్టకూడదు. అందుకని ఇక్కడ ఆ పనికి వచ్చే చెక్కని ముందే మందులో నానబెట్టి పంపిస్తారు. లేత పచ్చగా ఉంటుంది. ఇళ్లలోకి చేసే బల్లలకీ అల్మారాలకీ మామూలు తెల్ల చెక్క. మందు చెక్క పొట్టు బస్తాకి ఎర్ర టేపు, తెల్ల చెక్క బస్తాకి తెల్ల టేపు. తెల్ల టేపుది అట్టలు చేసే చోటికి పోతుంది, ఎర్ర టేపుది ఎక్కడో దూరంగా పూడ్చేస్తారట. వచ్చిన కొత్తలో ఇన్‌స్పెక్టరు ఒకతను ఇదంతా ఓపిగ్గా చూపించి, చివర్లో మామగారితో ఒక మాట చెప్పాడు.

"ఇక్కడ చెత్త చేసినవాళ్లదండి. బండి ఎక్కేదాకా అది మీదే."

మామగారు తలూపారు. ఆ ఊపుడు నాకు తెలుసు. కూరలో ఉప్పు లేకపోయినా బాగుందని అలాగే ఊపుతారు.

మా కార్ఖానా కంచెకి అవతల ఒకావిడ కోళ్లు పెంచుకునేది. ఒంటరి మనిషి. వీధంతా కోళ్లక్క అనే పిలుస్తుంది, నేనూ అలాగే పిలిచాను. ఆ గుడ్లే ఆవిడకి బతుకు. వీధిలో ఇళ్లకీ, మలుపులో ఉన్న బేకరీకీ ఆవిడే ఇచ్చేది. మేము వచ్చిన ఏడాది వానలు వదల్లేదు. షెడ్డులో పరిచిన గడ్డి కుళ్లి, కోళ్లు బురదలో నిలబడుతుంటే కంచె మీంచి చూసి మామగారి ప్రాణం ఒప్పలేదు. ఇంత పొట్టు ఇక్కడ బస్తాల్లో మగ్గుతుంటే పక్కింట్లో కోళ్లు బురదలోనా అన్నారు. ఆవిడ మొదట వద్దంది. ఇక్కడ అలా తీసుకోమండీ అంది. తెల్ల చెక్కది మాత్రమే, నా చేత్తో చూసి ఇస్తానని ఆయన మాటిచ్చారు. మా ఆయన గొణిగాడు. నేను మాత్రం మామగారి పక్షమే. పుట్టింట్లోనూ పొట్టు పరిచిన నేల మీదే పాకి పెరిగినదాన్ని, నాకందులో తప్పేం కనపడుతుంది?

ఆయన జాగ్రత్తలో లోపం లేదు. అది చెప్పకపోతే నా నోరు పడిపోతుంది. పాత కార్ఖానాలో ఏ రంపం కింద పొట్టు ఆ రంపం కిందే కుప్ప పడేది. ఇది టేకు, ఇది మామిడి అని వేరువేరుగా ఊడ్చేవాళ్లం. ఇక్కడ నేల మీద ఏమీ పడదు. ప్రతి మిషనుకీ ఒక గొట్టం, అన్నీ కలిసి పైన ఒకే పెద్ద గొట్టం, అది పొట్టునంతా పీల్చి గోడ అవతల డ్రమ్ములో పోస్తుంది. అందుకని మామగారు తెల్ల చెక్క కోసే రోజు పొద్దున్నే డ్రమ్ము ఖాళీ చేసి, తుడిచి, ఆ రోజు పడిన పొట్టే పట్టేవారు. గుప్పెట్లోకి తీసుకుని వెలుతుర్లో చూసేవారు, వాసన చూసేవారు. ఆ తర్వాతే కంచె దాటించేవారు.

నిజం చెప్పొద్దూ, ఆ పొట్టు వల్ల ఆయనకి ఈ ఊరు ఊరైంది. పొద్దున కాఫీ తాగి బస్తా భుజాన వేసుకుని వెళితే ఎండెక్కేదాకా అక్కడే. షెడ్డు తలుపు బాగుచేశారు, గుడ్లు పెట్టే పెట్టెలు కొత్తవి కొట్టారు. ఆవిడ అన్నయ్యగారూ అంటే ఈయన చెల్లెమ్మా అనేవారు. మా ఆయన నోట్లోంచి వారానికి రాలని మాటలు ఆ కంచె దగ్గర ఒక్క పూటలో దొర్లేవి. ఆవిడ పంపిన గుడ్లు మా వంటింట్లో బుట్ట నిండా ఉండేవి. అత్తగారు పోయాక ఆయన ముఖంలో వెలుగు చూడ్డం అదే మొదలు.

వానలు తగ్గాక కోళ్లు జబ్బుపడ్డాయి. రెక్కలు వాల్చేసి మూల కూర్చునేవి, మేత ముట్టేవి కావు. ఇవాళ ఒకటి, ఎల్లుండి ఒకటి చచ్చిపోతున్నాయి. కోళ్లక్క ఏదో తెగులనుకుని నీళ్లలో మందు కలిపింది. మామగారు అల్లాడిపోయారు. వాటికి పొడి పరుపు ఉంటే కోలుకుంటాయమ్మా అని చెప్పి, పొట్టు ఇంకా మందంగా పరిచారు. కోళ్లు దాన్ని కాళ్లతో గీరుకుంటూ, ముక్కుతో పొడుచుకుంటూ తిరిగేవి. మంచికి పోతే చెడు ఎదురవడమంటే అదే.

ఒకరోజు గొట్టం సరిగ్గా పీల్చడం లేదని మా ఆయన డ్రమ్ము పైనున్న గుడ్డ సంచి విప్పాడు. సన్నటి దుమ్ము బయటికి పోకుండా వడకట్టే సంచి అది. అంతవరకూ మామగారు దాన్ని విప్పి చూసింది లేదు. పాత ఊళ్లో అలాంటిది ఉంటే కదా. సంచి లోపలంతా మందంగా పచ్చటి పొడి అట్టకట్టి ఉంది. మిషను ఆపినప్పుడల్లా ఆ గుడ్డ వదులై, నిన్నటిదీ మొన్నటిదీ కొంచెం కొంచెంగా రాలి కింద పొట్టులో కలిసిపోతోంది. ఆయన తుడిచింది డ్రమ్ము. మందు పైనుంచి పడుతోంది.

మామగారు నేరుగా ఇంట్లోకి వచ్చారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. బుట్టలో గుడ్లన్నీ ఒక్కొక్కటే తీసి తొట్టిలో పగలగొట్టి నీళ్లు వదిలేస్తున్నారు. మీకేమైనా మతి పోయిందా అని నేను ఒంటికాలి మీద లేచాను. ఆయన తిరిగి చూడలేదు. చివరి గుడ్డు కూడా పగలగొట్టాక, చేతులు కడుక్కోకుండానే అక్కడే నిలబడి జరిగింది చెప్పారు.

మా ఆయనదీ ఒక న్యాయమే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మొదటే మొత్తుకున్నాను కదా అన్నాడు. ఇప్పుడు చెబితే కార్ఖానాకి తాళం పడుతుంది, ఇకమీదట పొట్టు ఇవ్వడం మానేద్దాం, కోళ్లకి జబ్బులు కొత్తా, మెల్లగా అదే సర్దుకుంటుంది అన్నాడు. అతను దుర్మార్గుడు కాడు. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను, అందుకే ఎన్నడూ లేనిది అతని మాటకి అడ్డం చెప్పలేదు.

మామగారు పీట మీంచి లేచారు. "ఆ గుడ్లు వీధంతా తింటున్నార్రా" అన్నారు.

ఆయన చొక్కా మార్చుకున్నారు. ఒక్కరినీ పంపలేక నేనూ వెంట వెళ్లాను.

కోళ్లక్క వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తడిగుడ్డతో గుడ్లు తుడిచి అట్టల్లో పేరుస్తోంది. కూర్చోండి అన్నయ్యగారూ అంది. ఆయన కూర్చోలేదు. గొట్టం దగ్గర మొదలుపెట్టి సంచి దాకా, ఏదీ దాచకుండా, తనని తాను వెనకేసుకు రాకుండా చెప్పారు. ఆవిడ చేతిలో గుడ్డునే తుడుస్తూ వింది. అది ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా తుడుస్తూనే ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని, ఏడ్చేదాన్ని, కాళ్లు పట్టుకునేదాన్ని.

"ఇక్కడ ఒకరి పొట్టు ఒకరు తీసుకోరు అన్నయ్యగారూ" అంది చివరికి. "నాకు చిన్నప్పట్నించీ తెలుసు. మీరు చెప్పారని తీసుకున్నాను."

మామగారు గోడకి చెయ్యి ఆనించారు. ఆవిడ గుడ్డు అట్టలో పెట్టి, ఫోను తీసుకుని ముందు బేకరీకి చెప్పింది, తర్వాత వీధిలో ఇళ్లకి, ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మా మీద ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.

ఆఫీసు వాళ్లు వచ్చి పొట్టూ, ఈకలూ, గుడ్లూ సీసాల్లో పట్టుకెళ్లారు. తిన్నవాళ్లందరికీ పరీక్షలు చేశారు. ఎవరికీ ప్రమాదం లేదన్నారు, అంతవరకూ అదృష్టం. కార్ఖానాకి మా ఆయన భయపడినట్టే తాళం పడింది. అతను దొంగకి తేలు కుట్టినట్టు ఇంట్లో కూర్చున్నాడు. షెడ్డులో మిగిలిన కోళ్లు తిరుగుతున్నా వాటిని కూడా ఉంచకూడదన్నారు. మాంసానికీ పనికిరావు, పెంచుకోవడానికీ వీల్లేదు.

వాటిని తీసుకెళ్లడానికి ముఖానికి గుడ్డలూ చేతులకి గ్లవ్సులూ వేసుకుని మనుషులొచ్చారు. కోళ్లు వాళ్లని చూసి బెదిరిపోయాయి. దూలాల మీదికి ఎగిరాయి, పెట్టెల వెనక్కి దూరాయి. వలలు పట్టుకుని తరుముతుంటే జబ్బుతో కుంటుతున్నవి కూడా గోడలకి కొట్టుకుంటున్నాయి. ఈకలు కంచె దాటి మా వాకిట్లో పడుతున్నాయి. మామగారు అటు చూడలేక వీపు తిప్పుకుని మెట్టు మీద కూర్చున్నారు.

కోళ్లక్క కంచె దగ్గరికి వచ్చింది. ఆ రోజు తన వంటింట్లో జరిగిన మాటల తర్వాత ఆవిడ మాతో మాట్లాడటం అదే మొదటిసారి.

"మీరు పిలిస్తే వస్తాయి అన్నయ్యగారూ" అంది. "వాటిని అలా తరమనివ్వకండి."

ఆయన లేచి వెళ్లారు. ఆ మనుషుల్ని పక్కకి జరగమని, షెడ్డు మధ్యలో గొంతుక్కూర్చుని నాలుకతో చిన్న చప్పుడు చేశారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత పెట్టెల వెనకనించి ఒకటి తల బయటపెట్టింది. దూలం మీంచి ఒకటి దిగింది. అన్నీ వచ్చాయి. ఆ బూట్ల మధ్యలోంచి దారి చేసుకుని, కాలీడ్చుకుంటూ వచ్చేవి కూడా ఆయన చుట్టూ చేరాయి. ఒకటి మోకాలి మీదికెక్కి కూర్చుంది. ఆయన ఒక్కొక్కదాన్నే రెండు చేతులా ఎత్తి, రెక్కలు సర్ది, వాళ్లకి అందించారు. వాళ్లు సంచుల్లో వేసి మూతికి ఎర్ర టేపు చుట్టారు. నేను కంచె పట్టుకుని నిలబడ్డాను, పైటచెంగు నోట్లో కుక్కుకున్నాను.

అయిపోయాక వాళ్లలో పెద్దమనిషి, ఇంకెక్కడైనా దాక్కుని ఉన్నాయేమో, ఇంకొక్కసారి పిలవండి అని అడిగాడు.

మామగారు పిలిచారు. ఏదీ రాలేదు. మళ్లీ పిలిచి, కాసేపు తలుపు కేసి చూశారు.

"ఇక లేవు చెల్లెమ్మా" అన్నారు.

ఆవిడ సరేనండీ అని లోపలికి వెళ్లిపోయింది.