పౌరుషగ్రంథి

మా బావ త్రినాథరావుకి పౌరుషం ఎక్కువ. బిలాస్‌పూర్ నుంచి కట్నీ లైనులో గూడ్స్ బండి నడిపే రోజుల్లో కర్గీ రోడ్ స్టేషన్‌లో ఒక టీ కొట్టువాడు, ఆంధ్రావాళ్ళకి చాయ్ రుచి ఏం తెలుసని ఏదో అన్నాడట. ఆ తర్వాత పదకొండేళ్ళు, అక్కడ బండి ఎన్ని గంటలు నిలబెట్టినా గొంతు ఎండబెట్టుకున్నాడు గానీ టీ ముట్టలేదు. ఈ సంగతి ఆ టీ కొట్టువాడికి తెలిసి కూడా ఉండదని నేనొకసారి అన్నందుకు నాతో నెల్లాళ్ళు మాటలు మానేశాడు. ఆయన భార్య కనకం నాకు అక్క. ముప్పై ఆరేళ్ళుగా ఆవిడ ఆ పౌరుషంతోనే కాపురం చేస్తోంది.

అలాంటి మనిషికి, రిటైరైన రెండేళ్ళకి, 2009లో ప్రోస్టేట్ కేన్సర్ అని తేలింది. బిలాస్‌పూర్ రైల్వే డాక్టరు ఢిల్లీ పంపించాడు. అక్కడి సర్జన్ పరీక్షలన్నీ చూసి, జబ్బు ఇంకా ఆ గ్రంథి దాటలేదనీ, ఇప్పుడే తీసేస్తే గండం గడుస్తుందనీ, ఆలస్యమైతే ఎముకలకు పాకవచ్చనీ చెప్పాడు. పొట్ట కొయ్యకుండా, చిన్న చిన్న రంధ్రాలు పెట్టి రోబోతో చేస్తారట. తారీకు కూడా ఇచ్చాడు. ఇక ఇంటికి వచ్చి బట్టలు సర్దుకోవడమే మిగిలింది.

ప్రయాణం నాలుగు రోజులుందనగా మా బావ రానన్నాడు.

కారణం అడిగితే మరమనిషి చేతికి ఒళ్ళు అప్పగించనన్నాడు. మా మేనల్లుడు ప్రవీణ్ బొగ్గు కంపెనీలో ఉద్యోగి. వాడు తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి జారిపోతూ గంటసేపు తండ్రిని బతిమాలాడట. లాభం లేక నాకు కబురు పెట్టారు. బిలాస్‌పూర్‌లోనే సదర్ బజార్‌లో ఉన్న మా బ్యాంకుకి సెలవు చెప్పి వెళ్ళాను.

రోబో దానంతటది ఏమీ చెయ్యదనీ, డాక్టరు అదే గదిలో ఓ మూల కూర్చుని తెరలో చూస్తూ చేతులు కదిపితేనే దాని చేతులు కదులుతాయనీ చెప్పాను. డ్రైవరు లేకుండా ఇంజను పోతుందా అని కూడా అన్నాను.

"అంతమాత్రం నాకు తెలీదేటి?" అని కసిరాడు బావ.

అంటే భయం రోబో గురించి కాదన్నమాట. మరి దేని గురించో నాకు అంతుపట్టలేదు.

అప్పుడు ఆయన చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం కనిపించింది. చొరవ చేసి లాగాను. నాన్న తెలుగులో చదువుకుంటాడని ప్రవీణ్ ఇంటర్నెట్ నుంచి తీసిచ్చిన వ్యాసం అది. వాడికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. గుండ్రటి అక్షరాలు చూసి తెచ్చేశాడు. అది కన్నడం కాకపోవడం మా అదృష్టం. అందులో ఒక వాక్యం కింద మా బావ పెన్నుతో రెండు గీతలు గీశాడు: "మరమనిషి సాయంతో పౌరుషగ్రంథిని సమూలంగా తొలగిస్తారు."

"ఏటి రాసుంది మావయ్యా?" అన్నాడు ప్రవీణ్ అమాయకంగా.

చదివి వినిపించాను. పౌరుషం అంటే ఏమిటో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ ఇంట్లో పెరిగినవాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయాడు.

ప్రోస్టేట్‌కి తెలుగులో ఎవరో పండితుడు పెట్టిన పేరు అదనీ, అది తీసేసినంత మాత్రాన రోషం ఎక్కడికీ పోదనీ బావకి చెప్పాను. ఆయన నవ్వలేదు. గోడకేసి చూస్తూ గొంతు తగ్గించాడు.

"డాక్టరు కూడా అన్నాడు గదా సూర్యం. కొన్నాళ్ళు ఒంటేలు ఆగదట. ఇంకోటి... అది మళ్ళీ వస్తాదో రాదో చెప్పలేనన్నాడు. అప్పుడు నేను మీ అక్కకి మొగుణ్ణేటి?"

కాగితం మడిచి ఆయనకిచ్చేశాను. ఇంతసేపూ వేళాకోళం ఆడినందుకు సిగ్గేసింది.

అక్క వంటింటి గుమ్మంలో ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. గ్రంథితోపాటు ముక్కు మీది కోపం కూడా తీసేస్తారేమో డాక్టర్ని కనుక్కోమని ముందు నాతో అంది. తర్వాత ఆయనవైపు తిరిగింది.

"మీరు బండెక్కితే తిరిగొచ్చేదాకా నాకు నిద్దరుండేది కాదు. అన్నేళ్ళూ అలాగే గడిపాను. ఇప్పటికి ఇంట్లో దొరికారు. నాకు మనిషి కావాల. అంతే."

బావ లేచి మంచం కిందనుంచి పెట్టె లాగాడు. తర్వాత, ఢిల్లీలో చలిగా ఉంటుందనీ, అందులో శాలువా పెట్టమనీ అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. జబ్బు గ్రంథి దాటలేదని రిపోర్టు వచ్చింది. పదో రోజున మూత్రం గొట్టం తీసేసి, ఇంకో వారం ఢిల్లీలోనే ఉండమన్నారు. నర్సు డైపర్లు ఇస్తే, నేను పసిపిల్లాణ్ణేటి అని బావ పక్కన పడేశాడు. అక్కా బావా నేనూ ఆస్పత్రి దగ్గరే ఒక లాడ్జిలో దిగాం. సాయంత్రం ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. అరగంటైనా రాలేదు. పిలిస్తే పలకలేదు. నేను తలుపు బాదబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. సంచిలోంచి ఉతికిన పంచె ఒకటి తీసుకుని, ఆ తలుపు పక్కనే నేలమీద కూర్చుంది.

చాలాసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది.

"కనకం. పంచె తడిసిపోయింది. ఇంకోటి ఇస్తావా?"

మా బావ మా అక్కని ఏదైనా ఇస్తావా అని అడగడం నేను ఏనాడూ వినలేదు. తలుపు వారగా తెరుచుకుంది. పంచె అందుకున్న చెయ్యి లోపలికి పోలేదు. అది అక్క చేతిని పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళకి కనబడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.