బన్నక్క నాలుక

“ఇవాళ ఏదో ఒకటి జరక్కుండా ఉండదు బాబాయ్. ఉల్లిపాయ మాడుతుంది, లేదంటే గ్యాసు అయిపోతుంది. రెండూ కాకపోతే నేనే కళ్ళు తిరిగి పడతాను.”

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలి వంటాయన నవ్వాడు. “మూడూ ఒక్కసారే కావులే. పని చూడమ్మాయ్.”

పని చూస్తూనే ఉంది బన్నక్క. ఆ చెప్పుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆమెను అందరూ పిలిచేది అలాగే. పదకొండేళ్ళుగా నిన్నటి బ్రెడ్డు తుంచడం, ఉల్లిపాయలు తరగడం, ఉడికిన బంగాళాదుంపలు చిదమడం, ముద్ద కలిశాక దాన్ని బన్నుల్లో కూరడం ఆమె పని. పొయ్యి దగ్గర నిలబడేది మాత్రం ఆయన. ఇవాళ ఆయనకు ఆఖరి రోజు. మూడు వందల బన్నుల్లోకి ముద్ద ఆమె ఒక్కతే చెయ్యాలనీ, పెద్దాయన వేలు కూడా పెట్టకూడదనీ మేనేజరు తెగేసి చెప్పాడు. కుదిరితే వంటమనిషి ఉద్యోగం ఆమెది. కుదరకపోతే బయటి నుంచి ఎవరో వస్తారు. వచ్చినవాడు తన మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడనీ, తరిగే పని కూడా పోతుందనీ, కూతురి చదువు సగంలో ఆగుతుందనీ రాత్రంతా ఊహించుకుంది. కూతురికి ఈ సంగతి చెప్పనే లేదు. చెబితే జరగదేమోనని భయం.

అంత భయంలోనూ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నూనె కాగింది. ఉల్లిపాయలు పడగానే మూకుడు చుయ్యిమంది. అవి తెల్లబడి, మెత్తబడి, అంచుల్లో ఎర్రబడేదాకా కలుపుతూనే ఉంది. మిరియాల పొడి వేస్తే తుమ్ము వచ్చింది. మోచేత్తో ముక్కు తుడుచుకుంది. బ్రెడ్డు తునకలు ఆ నూనెను గబగబా తాగేశాయి. దుంపలు వేసి అడుగు నుంచి తిరగేస్తుంటే, పదకొండేళ్ళుగా పక్కనుంచి చూసిన ముద్ద తన గరిటె కిందే దగ్గరపడుతోంది. చంటిపిల్ల మొదటి అడుగు వేసినప్పుడు నవ్వినట్టు తనలో తనే నవ్వుకుంది.

చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. ఉప్పు లేదు. గరిటెతో మూకుడు అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, బన్నుల బుట్ట అందుకోవడానికి అటు తిరిగింది.

ఆ దెబ్బల సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. నాలుగేళ్ళ కిందట ఒక జ్వరం ఆయన నోటి రుచిని ఊడ్చుకుపోయింది. బయటికి తెలిస్తే పొమ్మంటారని ఎవరికీ చెప్పలేదు. ఆయన వండేవాడు, ఆమె రుచి చూసేది. ఒక దెబ్బ కొడితే కారం తక్కువని, రెండు కొడితే ఉప్పు తక్కువని. ఆమె అటు తిరిగి ఇటు తిరిగేలోగా ఆయన చెయ్యి ఉప్పు వేసేసేది.

ఇవాళ ఆ చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. రెండు దెబ్బలూ విని ఆయన సగం లేచాడు. ముట్టుకోకూడదన్న మాట గుర్తొచ్చి, తనే వేసుకుంటుందిలే అనుకుని కూర్చున్నాడు.

నలభై బన్నులు నిండేసరికి మేనేజరు వచ్చాడు.

“ముందు నువ్వు తిను పెద్దాయనా.”

ఆయన ఒక ముక్క కొరికి కళ్ళు మూసుకున్నాడు. “అబ్బ! నాకంటే బాగా చేసింది సార్.”

మేనేజరు కొరికాడు. నమిలాడు. నమలడం ఆపాడు. “ఉప్పేదయ్యా ఇందులో?”

బన్నక్క గబుక్కున ఒకటి విరిచి నోట్లో పెట్టుకుంది. చప్పగా ఉంది, నీళ్ళలో నానిన అట్టలా.

“ఏమ్మా, ఇలా ఎలా మర్చిపోతావు?”

ఎలా మర్చిపోయిందో చెప్పాలంటే ఆయన గుట్టు చెప్పాలి. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. “తప్పయిపోయింది సార్” అంది చివరికి.

“తప్పు తనది కాదు సార్.” వంటాయన లేచి నిలబడ్డాడు. “నాలుగేళ్ళుగా నా నోటికి రుచి తెలీదు. మీరు మెచ్చుకున్న ప్రతి ఉప్పూ ఈ పిల్ల చెప్పిందే. అది చెప్పేది, నేను వేసేవాణ్ణి. ఇవాళా చెప్పింది. వేసే చెయ్యి లేదు.”

మేనేజరు ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. గడియారం చూశాడు. “బెల్లుకి ఇరవై నిమిషాలుంది. చూస్తారేంటి, విప్పండి ఆ బన్నులు!”

తనూ చొక్కా చేతులు మడిచి ఒక చెంచా పట్టుకున్నాడు. నలభై బన్నుల కడుపులూ ఖాళీ అయ్యాయి. ఆమె ఇంకో గుప్పెడు ఉల్లిపాయ వేయించి, అందులో ఉప్పు కరిగించి, ముద్దంతా మళ్ళీ కలిపింది. చేతులు కాలుతున్నా తెలియలేదు. ఎవరో తరుముతున్నట్టు, ఎవరో పిలుస్తున్నట్టు ఒళ్ళంతా ఒకటే ఉరుకు.

ముగ్గురూ కలిసి మూడు వందలూ కూరేసరికి బెల్లు మోగింది. జిగురు వాసనతో జనం వరస కట్టారు. “బన్నక్కా, ఇంకోటి!” “వీడికి రెండు వేశావు, నేనేం పాపం చేశాను?” పదకొండింటికి బుట్ట అడుగు కనిపించింది.

“రేపు ఆరింటికల్లా రా. పొయ్యి నీదే” అని మేనేజరు గదిలోకి వెళ్ళిపోయాడు.

వంటాయన చొక్కా మార్చుకుని చెప్పులేసుకున్నాడు. ఆమె మిగిలిన ఆఖరి బన్ను ఆయన ముందు పెట్టింది. నిలబడే సగం తిన్నాడు.

“ఉప్పు సరిపోయిందా బాబాయ్?” అనేసి నాలిక్కరుచుకుంది.

“నన్నడుగుతావేంటే పిచ్చిపిల్లా? నువ్వు చెప్పు.”

రెండో సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కొరికింది. నమిలింది. ఎక్కువైందేమో, రేపు ఇలా కుదరదేమో, ఎల్లుండి అసలే కుదరదేమో. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆయన గుమ్మం పట్టుకుని తొందర లేకుండా నిలబడ్డాడు.

“సరిపోయింది” అంది చాలాసేపటికి, హాల్లోకి వినిపించేంత గట్టిగా.

ఆయన తలూపి మెట్లు దిగాడు. ఆయన తీసి వెళ్ళిన ఏప్రాన్ స్టూలు మీద ఉంది, నాలుగు మడతలతో, పై మడత మీద నూనె వేళ్ళ గుర్తులు ఇంకా ఆరకుండా.