మసక రెక్క, గాజు రెక్క

ఎనభయ్యారు వరద వచ్చిపోయిన మూడో ఏడు, ఎండలు ముదరక ముందు, బుల్లబ్బిరెడ్డి ఏటి నడుమ బండ మీద నిలబడి ఉన్నాడు, చుట్టూ నీళ్ళు చప్పుడు చెయ్యకుండా పారుతున్నాయి, ఒడ్డు ఒకసారి తన ఇంటి అరుగులా, మరోసారి కొండవాలులా కనబడుతోంది. నిరుడు మడుగులో మునిగి చనిపోయిన అన్న సింగన్నరెడ్డి ఎదురుగా గొంతుక్కూర్చుని గాలానికి పురుగులా కనబడేట్టు కోడి ఈక కడుతున్నాడు.

"పలకవేంరా? నీ నోట్లోంచి మాట లాగాలంటే పట్టకారు కావాలి" అని నవ్వి, అన్న మూసిన గుప్పిట చాపుతాడు. "ఇప్పుడే దొరికింది. ఏ రెక్కో సూసి సెప్పు."

ఏటి పురుగు నీళ్ళలోంచి మసక రెక్కతో లేస్తుంది, అప్పుడు చేప లోతులేని చోట ఎగురుతుంది; పూట గడిచాక ఆ రెక్కల మీది పొర కూడా విడిచి, గాజు రెక్కతో మడుగు మీద రాలి చస్తుంది, అప్పుడు గాలం మడుగులో వెయ్యాలి. ఆ తేడా చెప్పడంలో ఊళ్ళో బుల్లబ్బిని మించినవాడు లేడని పేరు.

గుప్పిట విచ్చుకుంటుంది. ఒకటి కాదు, వందల పురుగులు అన్న మోచేతి దాకా, మెడ దాకా పాకి ముఖాన్ని కప్పేస్తున్నాయి, అన్నీ బూడిదరంగే, నీళ్ళు మోకాళ్ళకు వచ్చేశాయి.

"సెప్పరా!"

"కనబడట్లేదన్నా."

"ఇప్పుడా?"

"నువ్వు మడుగుకి పోయిన నాడూ కనబళ్ళేదు. కళ్ళకి పొర కమ్మి రెండేళ్ళయింది. పేరు పోద్దని, సూసినట్టే సూసి గాజు రెక్కన్నాను."

పురుగుల కింద నుంచి అన్న గొంతు మెల్లగా వస్తుంది. "నాకు సెప్పి ఏం లాభం? మీ వదిన రోజూ నన్నే తిడతంది, మొండోడు, ఎవరి మాటా ఇనకుండా మడుగులోకి పోయాడని. నువ్వు పక్కనే కూర్చుని గంజి తాగుతావు."

చల్లటి చెయ్యి అతని మణికట్టు పట్టుకుంటుంది, వదలదు, నీళ్ళు గొంతు దాకా వస్తాయి.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. మణికట్టు మీద ఏదో పాకుతోంది. కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏటి పురుగే. ఏ రెక్కో తెలియలేదు.

లేచి వదిన ఇంటికి వెళ్ళాడు.

"రా మరిదీ, కూర్చో, గంజి పోస్తాను" అంది ఆమె.

"వద్దొదినా." నిలబడే ఉన్నాడు. "అన్న మొండికేసి పోలేదు. మడుగుకి పొమ్మన్నది నేను. సూడకుండా సెప్పాను."

గరిటె ఆగిపోయింది. ఆమె ఏమంటుందో వినడానికి అతను అక్కడే నిలబడ్డాడు.