అలసట దించే ఆవిడ

ఉదయం తొమ్మిదింటికి షట్టర్ లేపుతారు. తొమ్మిదీ పదికి ఆవిడ వస్తుంది. ఆ పది నిమిషాలూ ఆలస్యం కింద లెక్క కాదు, రెండో అంతస్తు ఎక్కడానికి ఆవిడకి అంత సమయం పడుతుంది. వయసు నలభై మూడే. అయినా మెట్ల మధ్యలో ఒకసారి గోడకి ఆనుకుని నిలబడితే గానీ పైకి రాలేదు.

అది స్టీరింగులు బాగుచేసే చోటు. కార్లవి కావు, ఇంట్లో తెరల ముందు కూర్చుని రేసులు ఆడేవాళ్ళవి. పేరుకి ఆటవస్తువే గానీ దాని వెనక బిగించిన మోటారు చిన్న బిందెంత ఉంటుంది. తెరమీద కారు గతుకులో పడితే ఆ గతుకు చేతికి తెలుస్తుంది. టైరు జారబోతుంటే కంటికన్నా ముందు మణికట్టుకి తెలుస్తుంది. కారు గోడని గుద్దుకునేటప్పుడు చక్రం చువ్వల మధ్య బొటనవేలు పెట్టుకుని కూర్చున్న మహానుభావుడికి ఆసుపత్రి యోగం కూడా ఉంటుంది. అందుకే ప్రతిదాని పక్కనా ఒక ఎర్ర బటన్ పెడతారు. అది నొక్కితే మోటారు కిక్కురుమనకుండా ఊరుకుంటుంది.

ఇంత బలమైన మోటారుకి ఇంకో గుణం ఉంది. ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. పట్టుకున్న చేతుల్లోని అలసట అందులోకి దిగుతుంది. చవకరకం వాటిల్లో నిలవదు, బల్లమీదికి కారిపోతుంది. మర్నాడు ఆ బల్లమీద భోజనం చేసినవాళ్ళు నాలుగు ఆవలింతలు ఎక్కువ తీస్తారు, అంతే. ఖరీదైన వాటిలో మాత్రం పేరుకుపోతుంది. ఏడాదో రెండేళ్ళో తిరిగేసరికి చక్రం బరువెక్కి, తిప్పబోతే మొరాయిస్తుంది. అప్పుడు ఇక్కడికి తెస్తారు. మోటారు విప్పి చూసే పని బాబాయ్‌ది. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు, అందరూ అలాగే పిలుస్తారు. తీగలూ బేరింగులూ చూసి, దుమ్ము దులిపి, కార్డు మీద టిక్కులు పెట్టి ఆవిడ బల్లమీదికి తోస్తాడు. కార్డులో చివరి గడి ఆవిడది. అందులో 'అలసట దించాలి' అని అచ్చువేసి ఉంటుంది.

దించడమంటే ఉత్త చేతులతో పట్టుకుని తెరమీద ఇరవై రౌండ్లు నడపడం. నిండిన స్టీరింగు తనలో ఉన్నదాన్ని బయటికి నెడుతుంది. అది ఆవిడ చేతుల్లోంచి భుజాలకీ, భుజాల్లోంచి వీపుకీ ఎక్కుతుంది. ఆఫీసులవాళ్ళ అలసట మెడ దగ్గర ఆగుతుంది. పరీక్షలకి చదివేవాళ్ళది కళ్ళలోకి పోతుంది. ఒకసారి ఎవరో కవలపిల్లల తండ్రి స్టీరింగు వచ్చింది. రెండో రౌండులోనే ఆవిడ కునుకుపట్టి, కారుని ప్రేక్షకుల మీదికి ఎక్కించేసింది. పని అయ్యాక వేడినీళ్ళలో చేతులు ముంచుకుని, బెంచీమీద ఇరవై నిమిషాలు నడుం వాలిస్తే చాలావరకు పోతుంది. చాలావరకే. రోజుకి నాలుగు చొప్పున పద్నాలుగేళ్ళుగా మిగిలిన ఆ కాస్తా ఆవిడ ఒంట్లోనే ఉండిపోయింది.

ఇంట్లో ఉండేది తనూ, పదకొండేళ్ళ కూతురూ. పిల్ల తండ్రి ఓడలో పనిచేస్తాడు, ఏడాదికి ఒక్కసారి వస్తాడు. పిల్ల ఒకప్పుడు వసపిట్ట. స్కూల్లో ఎవరి పెన్సిలు ఎవరు విరిచారో దగ్గర్నుంచి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఈమధ్య ఆ వాగుడు ఆగిపోయింది. తల్లి రాగానే చేతిలో సంచి అందుకుంటుంది, గ్లాసుడు మంచినీళ్ళు ఇస్తుంది, చప్పుడు చెయ్యకుండా తన గదిలోకి వెళ్ళిపోతుంది.

"మా అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో బాబాయ్, నన్నసలు విసిగించదు," అని ఒకరోజు గొప్పగానే చెప్పుకుంది.

"పదకొండేళ్ళ పిల్ల విసిగించకపోతే అది బుద్ధి కాదమ్మాయ్, నీ మీద ఆశ వదులుకోవడం," అన్నాడు బాబాయ్, స్క్రూ బిగిస్తూ.

ఆయన మామూలుగానే అన్నాడు. ఆవిడకి మాత్రం ఆ మాట ముల్లులా దిగబడింది. తనకి కాస్త ఓపిక వచ్చేసరికి పిల్ల అమ్మ అవసరం లేకుండా బతకడం నేర్చేసుకుంటుందేమోనని ఆవిడ భయం. ఇవాళ ఎలాగైనా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి అనుకుంటూ ఇల్లు చేరేది. చెప్పులు విప్పేలోపే సోఫా మీద నిద్రపోయేది.

ఇక కొత్త స్టీరింగుల సంగతి వేరు. అమ్మేముందు వాటినీ నడిపి చూడాలి, కానీ చేతులకి తోలు తొడుగులు వేసుకుని మరీ పట్టుకోవాలి. నిండినది నెడితే, ఖాళీది లాక్కుంటుంది. కొన్నవాడికి వేరేవాళ్ళ అలసట అంటగట్టడం ఆ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తప్పు. అంతకు మించిన మోసం లేదంటారు.

ఆరోజు మధ్యాహ్నం రెండింటికి బల్లమీద రెండు స్టీరింగులు పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నలుపు. ఒకటి దించాల్సింది. రెండోది కొత్తది, నాలుగింటికి కొన్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళాల్సింది. పొద్దుట్నుంచి రెండు దించి ఆవిడకి కళ్ళు తేలిపోతున్నాయి. కొత్తదాని ముందు కూర్చుని, రోజూ చేసినట్టే ఉత్త చేతులతో పట్టేసుకుంది.

మొదటి రౌండులో, 'ఎవరో సుఖపడే మనిషిది, బరువే లేదు' అనుకుంది. రెండో రౌండుకి మెడ సులువుగా తిరిగింది. మూడో రౌండులో ఎడమ భుజం వదులైంది. ఆ భుజం వదులుగా ఉండగలదన్న సంగతే ఆవిడ మర్చిపోయి చాలా కాలమైంది. అప్పుడు అర్థమైంది. పక్కకి చూస్తే, దించాల్సింది అటు బల్లమీద అలాగే కూర్చుని ఉంది.

ఎర్ర బటన్ జానెడు దూరంలో ఉంది. నొక్కలేదు. ఇంకొక్క రౌండు అనుకుంది. ఇంకొక్కటి. అలా ఇరవై రౌండ్లూ పూర్తి చేసింది.

లేచి, కింద కుళాయి దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుని మళ్ళీ పైకొచ్చింది. బాబాయ్ కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"మెట్లమీద ఆగలేదేం?"

ఆవిడ కొత్త స్టీరింగు వైపు చూసింది. బాబాయ్ వెళ్ళి కొత్తదాని మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఓరి దేవుడా! ఎన్ని రౌండ్లు నడిపావు?"

"ఇరవై."

"మూడు తిప్పేసరికి తెలిసిపోవాలే!"

"తెలిసింది బాబాయ్."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. స్క్రూడ్రైవరుతో గోళ్ళు శుభ్రం చేసుకున్నాడు. చివరికి తలెత్తకుండా అన్నాడు. "కొత్తలో బిగువుగానే ఉంటుంది, వాడగా వాడగా సర్దుకుంటుందని చెబుదాం. నేనే చెబుతాలే. నీకూ ఒక పిల్ల ఉంది కదమ్మా."

గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఇంకో పావుగంటలో స్కూలు వదిలేస్తారు. ఆరున్నరకల్లా తను ఇంట్లో, మెలకువగా, కళ్ళు తెరుచుకుని ఉండొచ్చు. పిల్లతో కూర్చోవచ్చు. ఇంత చిన్న కోరికకి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పద్నాలుగేళ్ళ బరువు మొయ్యాలా? వాళ్ళింట్లో పిల్లలుంటే? ఆవిడ వెళ్ళి మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుంది, వెనక్కి తీసేసుకుందామని. చేతులు చక్రం దాకా వెళ్ళి గాల్లోనే ఆగిపోయాయి. ఏడుపొచ్చింది. ఇంతకాలం ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

కొన్నవాళ్ళు చెప్పిన టైముకన్నా ముందే వచ్చేశారు. వచ్చింది డెబ్బై ఏళ్ళ పొడవాటి మనిషి ఒకాయన, వెంట కోడలు. "నాకెందుకే ఈ బొమ్మలు అంటే వినదండీ ఈ పిల్ల," అని వస్తూనే గొణిగాడు ఆయన.

బాబాయ్ నోరు తెరిచేలోపే ఆవిడ లేచి నిలబడింది. "మీ స్టీరింగు పాడుచేశానండీ," అంది. తొడుగులు మర్చిపోయిన సంగతి చెప్పింది. మూడో రౌండులో తెలిసి కూడా ఆపలేదని అదీ చెప్పింది. బాబాయ్ పైకప్పు కేసి చూస్తూ నిలబడ్డాడు.

"రెండు గంటలు కూర్చోండి. అంతా వెనక్కి తీసుకుని, ఖాళీ చేసి ఇస్తాను," అంది ఆవిడ.

ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటే... అలసట ఉందా దాంట్లో?" అంది కోడలు మెల్లగా.

"చాలా ఉందండీ."

"మా మావయ్య లారీ నడిపేవారండీ, ముప్పై ఆరేళ్ళు. మానేసి రెండేళ్ళయింది. అప్పట్నుంచీ నిద్ర లేదు. మందులు వాడాం, ఒకటి మార్చి ఒకటి. మంచమెక్కుతారు, తెల్లార్లూ ఫ్యాను చూస్తారు. మనిషి సగమైపోయారు."

"సీటు వెనక చెక్కమీద పడితే చాలు, ఒళ్ళు తెలిసేది కాదు నాకు," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు పొద్దస్తమానం కుర్చీలో కూర్చుంటా. ఏం చేశానని అలుస్తా? షాపుల్లో స్టీరింగులన్నీ చూశా. ఊరికే గిరగిరా తిరుగుతాయి. ఏదీ, ఇలా ఇవ్వు చూద్దాం."

కూర్చున్నాడు. రెండు చేతులూ చక్రం మీద ఆనించగానే ఆయన మొహం మారింది.

రేసు మొదలైంది. పక్కనుంచి కార్లు రివ్వుమని పోతుంటే పెద్దాయన ఎడమ పక్కన నెమ్మదిగా, వెనకవాళ్ళకి దారిస్తూ, మలుపు మలుపుకీ లేని హారన్ వెతుక్కుంటూ నడుపుతున్నాడు. బాబాయ్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

"ఇది మెడది," అన్నాడు పెద్దాయన కాసేపటికి. "ఇది కళ్ళది." ఇంకో రౌండు తర్వాత, "ఇదేంటమ్మా, నడుం దగ్గర? చంటిపిల్లని ఎత్తుకుని గంటలకొద్దీ నిలబడ్డట్టుంది."

"అది ఎవరిదీ కాదండీ. నాదే," అంది ఆవిడ. పిల్లకి ఏడాది నిండకముందు నాలుగు రోజులు జ్వరం కాసింది. దించితే ఏడ్చేది. "అది తీసేస్తాను, లేవండి."

"ఉండనీ," అన్నాడు ఆయన. అని, ఆవలించాడు.

మామూలు ఆవలింత కాదు. దవడలు కిర్రుమన్నాయి, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన కారుని ట్రాకు పక్కకి తీసి జాగ్రత్తగా ఆపాడు. అక్కడ లేని హ్యాండ్‌బ్రేకు కోసం చేత్తో ఒకసారి తడుముకున్నాడు. అలా తడుముతూనే తల వాల్చేశాడు. అరనిమిషంలో గురక మొదలైంది. బాబాయ్ వెళ్ళి తెరల సౌండు తగ్గించాడు.

"దించకండి," అంది కోడలు. "ఉన్నదంతా అలాగే ఇచ్చెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

ఆరింటికి షాపు మూసే వేళయినా పెద్దాయన లేవలేదు. నేనుంటాలే, నువ్వెళ్ళమ్మాయ్ అన్నాడు బాబాయ్.

ఆవిడ ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. పిల్ల తలుపు తీసింది, సంచి అందుకుంది, నీళ్ళిచ్చింది, తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ సోఫా దాటి వెనకాలే వెళ్ళింది. పిల్ల మంచంమీద బోర్లా పడుకుని పుస్తకం చదువుతోంది. ముక్కు కాగితానికి ఆనుతోంది.

"అంత దగ్గరగా పెట్టుకున్నావేంటమ్మా?"

పిల్ల ఉలిక్కిపడి చూసింది. "దూరం పెడితే కనిపించదు."

"ఎప్పట్నుంచి?"

"వానలకి ముందునుంచి. క్లాసులో బోర్డు కూడా కనబడదు. పక్కమ్మాయి పుస్తకంలో చూసి రాసుకుంటా."

"మరి నాకు చెప్పలేదేం తల్లీ?"

"చెప్పానమ్మా," అంది పిల్ల. గొంతులో కోపం లేదు, టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది. "రెండుసార్లు చెప్పా. రెండుసార్లూ నువ్వు సరే అన్నావు."

ఇదివరకైతే ఆ మాట ఆ అలసటలో ఎక్కడో ఆగిపోయేది. ఇవాళ అడ్డుకోవడానికి ఒంట్లో ఏమీ లేదు. నేరుగా లోపలికి దిగింది. ఆవిడ తట్టుకోలేక మంచం అంచున కూర్చుండిపోయింది. కాసేపటికి లేచింది.

"పద. కళ్ళద్దాల షాపు ఏడున్నర దాకా ఉంటుంది."

"ఇప్పుడా? నువ్వు పడుకోవా?"

"పడుకోను. చెప్పులు వేసుకో."

వీధిలో దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. మందులషాపు దాటేదాకా పిల్ల, తల్లి నడకలో తేడా ఏమైనా వస్తుందేమోనని ఓరకంట చూస్తూ నడిచింది. సందు మలుపు తిరిగాక వేలు పట్టుకుంది.

"అమ్మా, ఇంకోటి కూడా ఉంది," అంది. "అది మూడుసార్లు చెప్పా."