వదులుగా వేలాడాల్సిన పలక

నేను ఒక కాంక్రీటు పలకను. నన్ను చూసి అందరూ గోడ అనుకుంటారు, కాదు. మేడ బరువు మోసేవి లోపలున్న స్తంభాలూ దూలాలూ. నేను వాటి ముందు వేలాడే సింగారాన్ని, అంతే. పోర్ట్ బ్లెయిర్ బజారులో సనపల దాలినాయుడుగారి బట్టల కొట్టుకి ముందు భాగంగా ఉండేదాన్ని.

ఇనప చువ్వల వల మీద సిమెంటు, కంకర, ఇసుక కలిపి నన్ను పోత పోశారు. తడి గోనెలు కప్పి గట్టిపడనిచ్చారు. అదే అచ్చులోంచి నా తోడబుట్టిన పలక కూడా వచ్చింది. మిగతా పలకల వరసలో మమ్మల్ని పక్కపక్కనే ఎక్కించారు.

ఎక్కించిన రోజు ఇంజనీరు ఇందుమతి కింద నిలబడి నాయుడుగారికి చెప్పింది. విజయనగరం నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి, పని మీద ప్రాణం పెట్టేది.

"ఇది భూకంపాల దీవి నాయుడుగారూ. నేల ఊగితే మేడా ఊగుతుంది, పై అంతస్తు ఓ పక్కకి జరుగుతుంది. పలక దాంతో పాటు పోకూడదు. అందుకే అడుగున కూర్చోబెట్టి, పైన బోల్టులకి పొడుగాటి కన్నాలు పెట్టించాను. బోల్టు అందులో అటూ ఇటూ జారుతుంది. పలకల మధ్య సందు కూడా అందుకే."

"అంటే వదులుగా ఒగ్గేశారన్నమాట," అన్నారు నాయుడుగారు, పెళ్లిచూపుల్లో ఏదో లోపం పట్టుకున్నట్టు.

వానాకాలం గాలికి మేము కిర్రుమన్నాం. సందుల్లోంచి జల్లు కొట్టి పట్టుచీరలు తడిశాయి. నాయుడుగారు ఇందుమతిని పిలిపించారు.

"ఏటమ్మా ఇది? కొత్త మేడ ముసలోడి పళ్లలాగ కదుల్తోంది. బోల్టులు వెల్డింగు చేయించీసి, సందుల్లో సిమెంటు కూరించీస్తాను. ఏటంటావు?"

మెత్తటి రబ్బరు కూరితే జల్లు ఆగిపోయేది. ఆ మాట ఇందుమతి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కొట్టు నిండా జనం. కట్టబోయే లాడ్జి పని కూడా ఈ అమ్మాయికే ఇస్తానని నాయుడుగారు అప్పుడే అందరి ముందూ చెప్పి ఉన్నారు. అంత గౌరవం ఇచ్చిన మనిషిని కాదనడం ఎలాగో ఆమెకి తెలియలేదు. "మీ ఇష్టం నాయుడుగారూ," అని తలూపింది. వెళ్తూ మావైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది. ఆ వారంలోనే మా బోల్టులు వెల్డింగు చేసి, సందుల్లో సిమెంటు కూరేశారు.

మా కింద వసారాలో వరహాలమ్మ కుట్టుమిషను ఉండేది. భర్త పోయాక చీరలకి ఫాల్స్ కుట్టుకుని బతుకుతోంది. కాలితో మిషను తొక్కుతూ, దారినపోయేవాళ్లందరినీ పలకరిస్తూ ఉండేది.

ఓ ఉదయం నేలని ఎవరో కిందనుంచి లాగేసినట్టయింది. స్తంభాలు ఒరిగి మళ్లీ నిటారుగా లేచాయి. వాటి విషయంలో ఇందుమతి లెక్క ఎక్కడా తప్పలేదు. పై అంతస్తు పక్కకి జరుగుతూ, బిగించేసిన మమ్మల్ని కూడా లాక్కుపోబోయింది. మధ్యలో సిమెంటు గట్టిపడి ఉంది, తప్పుకోవడానికి చోటు లేదు. ఒకదాని అంచుని ఒకటి నలగ్గొట్టుకున్నాం.

నాకు చేసిన వెల్డింగు నాసిరకంది. మొదటి ఊపుకే తెగింది, బోల్టు మళ్లీ కన్నంలో జారింది. మూల విరిగినా వేలాడుతూ మిగిలాను. నా తోడుకి వెల్డింగు శ్రద్ధగా చేశారు. అది జారలేకపోయింది. దాన్ని పట్టుకున్న కొక్కేలు పెళ్లలతో సహా ఊడొచ్చాయి. వసారా రేకులు చీల్చుకుని వరహాలమ్మ మీద పడింది.

ఆమె బతికింది. కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

తర్వాత జనం వచ్చి నా ముందు ఫోటోలు దిగారు. "పక్కది పడిపోయింది గానీ దీన్ని చూడండి, ఉక్కు!" అన్నారు. చెత్త పనివల్ల మిగిలానని ఏ నోటితో చెప్పను? ఆ పొగడ్త విన్నప్పుడల్లా నేనూ రాలిపోతే బాగుండుననిపించేది.

చుట్టుపక్కల మేడలు బీటలు వారినా మా మేడ నిలబడిందని తెలుగు సంఘంవాళ్లు కొట్టు ముందే ఇందుమతికి సన్మానం పెట్టారు. నాయుడుగారు దండ వేశారు. ఇందుమతికి కప్పమని, కుర్చీలో కూర్చున్న వరహాలమ్మ చేతికి శాలువా ఇచ్చారు. "నీ పున్నేన లోపలున్నోళ్లందరూ బతికారు తల్లీ, వంగు," అంది ఆమె.

ఇందుమతి వంగింది. అంతలో ఆ చేతులు పట్టుకుని ఆపేసింది.

"కప్పకండి పెద్దమ్మా. మీమీద పడిన పలక వదులుగా ఉంటే పడేది కాదు. బిగించకూడదని నాకు తెలుసు. తెలిసీ తలూపాను."

"ఊరుకోమ్మా, భూమి కదిలితే ఎవులేటి సేస్తారు?" అన్నారు నాయుడుగారు.

"మీరు అడిగారు నాయుడుగారూ. చెప్పనిది నేను."

వరహాలమ్మ శాలువాని ఒళ్లో పెట్టుకుని మడతమీద మడత పెట్టింది. తిట్టలేదు.

"నాయుడికి సెప్పలేకపోతే పోనీ. నాకు సెప్పకపోయావా? మిషను ఆ పక్కకి జరుపుకుందును గదా."

చప్పట్లకి సిద్ధమైన చేతులన్నీ కిందికి దిగాయి. ఇందుమతి దండ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడింది. నాయుడుగారు నావైపు తలెత్తి, వెంటనే దించుకున్నారు.

మిగతా పలకలన్నిటినీ దింపి, మళ్లీ వదులుగా వేలాడదీసి, సందుల్లో రబ్బరు కూరారు. లాడ్జి పని ఇందుమతి తీసుకోలేదు. మూల విరిగిన నన్ను పక్క సందులో మురిక్కాలవ మీద పరిచారు. ఇక్కణ్నుంచి బజారు కనిపిస్తుంది. వరహాలమ్మ మిషనుకి కరెంటు మోటారు పెట్టించుకుంది, ఎడమకాలితో నొక్కుతుంది.

ఇందుమతి సెలవురోజుల్లో వస్తుంది. పలకలు ఎక్కడ బిగించేశారోనని మేడల ముఖాలు పరీక్షగా చూస్తుంది. ముందు యజమానుల దగ్గరికి వెళ్లదు, కింద కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్తుంది. బేరాలు పాడుచేస్తోందని కొందరు కసురుకుంటారు. నిన్న మందుల షాపు ముందు పూలమ్మే ఆవిడ, ఇందుమతి వేలు చూపించిన వైపు తలెత్తి చూసింది. బుట్ట ఎత్తుకుని రోడ్డవతలికి వెళ్లి కూర్చుంది.