ముప్పై ఒకటో శబ్దం

పాత సామాన్ల కొట్లో చిన్నల్లుడు అప్పటికే రెండు ఇస్త్రీపెట్టెలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక ఫ్యాను రెక్కని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. విరిగిన గొడుగు ధర కూడా అడిగాడు. వీటిలో ఏదీ అతనికి అక్కర్లేదు. కావలసినదానికి వీపు పెట్టి నిలబడటం అతని పద్ధతి. ఇరవై రెండేళ్లుగా పాత సింథసైజర్లు వెతికి కొని, బాగుచేసి అమ్ముకుంటున్నవాడు. కంట్లో మెరుపు కనబడితే ధర రెండింతలవుతుందని తెలుసు.

“ఏం గురువుగారూ, ఇవాళ ఇస్త్రీపెట్టెల మీద పడ్డారేంటి?” అన్నాడు కొట్టు యజమాని.

“మా ఆవిడ అడిగింది.”

“ఇప్పటికి పదకొండు కొన్నారు ఆవిడ పేరు చెప్పి. లాండ్రీ ఏమన్నా పెట్టిందా?”

చిన్నల్లుడు నవ్వలేదు. వెనక గోడవార, చిరిగిన పరుపుకీ బట్టలుతికే మెషీనుకీ మధ్య నిలువుగా పెట్టి ఉంది ఆ సింథసైజరు. వచ్చీ రాగానే చూశాడు. పక్క చెక్కలు, నల్లటి పలక, వరసగా తిప్పుడు బిళ్లలు, కింద మెట్లు. నంబర్లు నొక్కే మీటల్లో మూడు అంకె మీద, ఒకటి అంకె మీద ఎర్రటి గోళ్లరంగు చుక్కలు. స్టేజీ మీద చీకట్లో తోడల్లుడికి కనబడటానికి వదిన పెట్టిన చుక్కలవి.

“ఆ డొక్కు హార్మనీ ఎక్కడిది?” అన్నాడు అటు చూడకుండానే.

“ఎవరో అమ్మాయండీ. చంకలో చంటిది. ఉయ్యాలకి చోటు చాలట్లేదు, పట్టుకుపోండి అంది. పలకదట.”

“పలకనిది నాకెందుకు?”

“మీకు పలికేవి ఎప్పుడన్నా కావాలా?”

చివరికి ఫ్యాను ధరకే వచ్చింది. ఫ్యాను కొసరు.

ఆ అమ్మాయి ఎవరో చిన్నల్లుడికి వేరే చెప్పక్కర్లేదు. అతని అత్తవారింటి పెద్దల్లుడి కూతురు. అద్దె బండిలో ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని వస్తూ వాళ్లకి చెబుదామని దారిలో ఒకసారి ఫోను తీశాడు, చెయ్యకుండానే జేబులో పెట్టేశాడు.

యాభై ఆరేళ్లు వచ్చాయి, నెత్తిన వెంట్రుకలు లెక్కపెట్టేటన్ని మిగిలాయి, అయినా అత్తవారింట్లో అతను చిన్నల్లుడే. పొట్టి మనిషి. బొటనవేళ్లు మరీ లావు. వేలి కొసలన్నీ టంకం కాలిన మచ్చలు. కళ్లజోడు కాడ విరిగితే రాగి తీగ చుట్టుకున్నాడు. ఆ ఇంటికి ఇద్దరు కూతుళ్లు, ఇద్దరు అల్లుళ్లు. ఏ శుభకార్యమైనా పెద్దల్లుడు వాయిస్తాడు, చిన్నల్లుడు వైర్లు కలుపుతాడు. మైకులో పెద్దల్లుడి పేరు చెప్తారు. చప్పట్లు ఆగాక, “ఆ వైరు ఎవరి కాలికీ తగలకుండా చూడు బాబూ” అంటారు చిన్నల్లుడితో.

అతని కొట్టు ఇంటి వెనకున్న ఒంటిగది. కిటికీ కింద పొడుగాటి బల్ల, గోడ నిండా అరలు. ఏ అరలో ఏ మరలున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఈగని కూడా వాలనివ్వకుండా తోడల్లుడు దాచుకున్న ఆ పెట్టెకి పద్దెనిమిది మరలు విప్పి మూత ఎత్తాడు. ఇన్నేళ్లలో పెద్దల్లుడు ఒక్కసారి కూడా దాని మీద అతన్ని చెయ్యి వెయ్యనివ్వలేదు. “వద్దులే తమ్ముడూ, బానే పలుకుతోందిగా” అనేవాడు. లోపల దుమ్ము, ఒక జడపిన్ను, ఉబ్బిపోయిన రెండు కెపాసిటర్లు. ఇంతే జబ్బు. ఇంత చిన్న జబ్బుకి మనిషిని వదిలేసినట్టు వదిలేశారు.

ఓ మూలన గుండీ అంత బ్యాటరీ. దాని అంచున పచ్చటి పొక్కు కట్టింది. కరెంటు లేకపోయినా, వాయించేవాడు ఒక్కో నంబరు కింద కూర్చి పెట్టుకున్న శబ్దాలన్నీ మర్చిపోకుండా ఉంచేది ఆ బ్యాటరీయే. కారడం మొదలైతే లోపలి సర్క్యూటు పలకంతా తినేస్తుంది. తియ్యకుండా కుదరదు. తీస్తే శబ్దాలు పోతాయి. అందుకే తీసేముందు క్యాసెట్ రికార్డరు కలిపి, శబ్దాలన్నీ టేపు మీదకి ఎక్కించి, కొత్త బ్యాటరీ వేశాక మళ్లీ దించుకుంటారు. నాలుగు నిమిషాల పని. ముక్కూ మొహం తెలియనివాళ్ల శబ్దాలు కూడా చిన్నల్లుడు అలా ఎన్నో దాచిపెట్టాడు. ఎవరిదో ప్రాణం ఉంటుంది అందులో అనేవాడు.

కెపాసిటర్లు మార్చి స్విచ్చి వేశాడు. ఈ రకం పెట్టెలు చల్లగా ఉన్నప్పుడు శ్రుతి నిలవదు, అరగంట వేడెక్కాలి. చేతులు తొడల మధ్య పెట్టుకుని అరగంటా కూర్చున్నాడు. తర్వాత మూడు నొక్కాడు, ఒకటి నొక్కాడు. పెద్దల్లుడు కూర్చుకున్న ముప్పై ఒకటో శబ్దం. ఒక మెట్టు మీద వేలు ఆనించాడు.

ఎక్కడో దూరంగా తలుపు తీసినట్టు మొదలైంది. తలుపు తీశాక లోపల గదినిండా మనుషులున్నారని, అందరూ మనకోసమే మాటలు ఆపేశారని తెలిసినట్టు పెరిగింది. చివర్లో వణికి, శ్రుతి వెంట్రుకవాసి కిందికి జారి ఆగింది.

అదే శబ్దం అతని పెళ్లిలోనూ. కొత్త సూటులో చెమటలు కక్కుతూ అతను కూర్చుంటే, పెద్దల్లుడు ముప్పై ఒకటి నొక్కాడు. జనం పెళ్లికొడుకుని వదిలేసి స్టేజీ వైపు తిరిగారు. పక్కనున్న పెళ్లికూతురు కూడా తిరిగింది. ఆమె కళ్లు నిండాయి. తర్వాత ఎన్నో రోజులకి ఆగలేక అడిగాడు, ఎందుకు ఏడ్చావని.

“ఏమో, ఆ శబ్దం వింటే ఏడుపొచ్చింది. మీరేమన్నా అన్నారా ఏంటి?” అంది.

ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లలో ఆమె కళ్లు నిండేంత మాట అతనెప్పుడూ అనలేదు, మంచికైనా చెడుకైనా.

క్యాసెట్ రికార్డరు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. కొత్త క్యాసెట్టూ ఉంది. చిన్నల్లుడు రెండింటినీ చూశాడు. సన్నటి కటింగ్ ప్లేయర్ తీసుకుని బ్యాటరీ కాళ్లు రెండూ కత్తిరించాడు. టక్, టక్. పచ్చ పొక్కుని గీకి శుభ్రంగా కడిగాడు. కొత్త బ్యాటరీ వేసి మూడూ ఒకటీ నొక్కితే, ఏ నంబరు నొక్కినా వచ్చేలాంటి ఒట్టి గుయ్‌మనే మోత వచ్చింది. పీడ విరగడైంది అనుకున్నాడు. ఆకలేసింది.

భోజనం దగ్గర రెండోసారి వడ్డించుకుంటుంటే భార్య ఫోను పట్టుకుని వచ్చింది.

“ఏవండీ, అక్క ఫోను. మంచాన ఉన్న బావగారి పరిస్థితి బాగా దిగజారిపోయిందట. డాక్టరు ఈ పూటో రేపో అన్నాడట. ఆయనేమో పొద్దుటి నుంచీ ఆ ముప్పై ఒకటి ఒక్కసారి వినిపించమని ఒకటే గోల. పిల్ల చూస్తే దాన్ని పాత సామాన్లవాడికిచ్చి పారేసింది. గోడకి తల కొట్టుకుంటోందట పాపం. మీకు ఆ కొట్లవాళ్లందరూ తెలుసుగా, కాస్త వెతకరూ?”

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. “వెతకక్కర్లేదు. నా బల్ల మీదే ఉంది.”

ఆమె ముఖం వెలిగిపోయింది. “చూశారా! తిరిగి తిరిగి మీ చేతికే చిక్కింది. బావగారి అదృష్టమే అదృష్టం!”

చావబోతూ కూడా అదృష్టం ఆయనదే. వడ్డించుకున్నది అలాగే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

మధ్యాహ్నమంతా బిళ్లలు తిప్పాడు. వేరే దారి లేదు, ఆ శబ్దాన్ని మళ్లీ కూర్చాలి. వాయించడం రానివాణ్ణి, నావల్ల ఏమవుతుందనుకున్నాడు మొదట. కానీ రెండు స్వరాలని ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరగా తేగానే, రెండోది అరక్షణం ఆలస్యంగా రావాలని అతని చెవి చెప్పింది. ఇంకా ఆలస్యం. అంత కాదు. తలుపు తెరుచుకునేది ఇంకొంచెం నింపాదిగా. ఎక్కడ మొదలై ఎక్కడ వణుకుతుందో అంతా గుర్తుంది. ప్రేమగా విన్నవాళ్లు కళ్లు మూసుకుని విన్నారు. అతను ముప్పై ఏళ్లు కళ్లు తెరిచి, తప్పెక్కడ దొరుకుతుందా అని విన్నాడు. అంత శ్రద్ధగా ఇంకెవరు వింటారు?

చివర్లో ఆ జారుడు ఒక్కటే మిగిలింది. అది తప్పని అతనికి మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసి లోలోపల సంతోషించాడు కూడా. ఇప్పుడు దాన్ని తిరిగి పెట్టాలి. వేళ్లు బిళ్ల మీదకి వెళ్లాయి, మూడుసార్లు వెనక్కి వచ్చాయి. పాడైనదాన్ని బాగుచేసిన చేతులే గాని, బాగున్నదాన్ని పాడుచేయడం వాటికి అలవాటు లేదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది, తడి చేతులు అలాగే వేలాడేసుకుని. కళ్లు నిండి ఉన్నాయి.

“అబ్బ... బావగారి శబ్దం.”

జారుడు పెట్టకుండానే చిన్నల్లుడు బిళ్ల మీంచి వేలు తీసేశాడు. తన మీద తనకే కడుపుమండటం అతనికదే మొదటిసారి.

పొద్దు వాలేవేళకి పెట్టె తీసుకుని పెద్దల్లుడి ఇంటికి వెళ్లారు. మంచం పక్కనే ఉయ్యాల. దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేదా అన్నట్టు ఉన్నాడు పెద్దల్లుడు. దుప్పటి మీది చేతులు మాత్రం అంతే పొడుగు. స్విచ్చి వేశాక అరగంట ఆగాలి. చిన్నల్లుడు మెషీను వేడి చూస్తున్నట్టు చెయ్యి ఆనించి, ఆయన ఊపిరి లెక్కపెట్టాడు.

“బాబాయ్, పాప ఇప్పుడే పడుకుంది, లేస్తే ఇక ఆపలేను,” అని కూతురు గుసగుసగా హెడ్‌ఫోన్లు తెచ్చిచ్చింది. ఆమె జాకెట్టు మీద పాల మరక ఆరలేదు. ఉయ్యాల మెల్లగా పక్క గదిలోకి తోసుకుపోయింది.

హెడ్‌ఫోన్లు పెద్దల్లుడి చెవులకి పెట్టి, మూడూ ఒకటీ నొక్కి, మెట్టు అదిమాడు. పెద్దల్లుడు కళ్లు తెరిచాడు. చివరిదాకా విన్నాడు.

“నాది కాదిది తమ్ముడూ.”

చిన్నల్లుడు మెట్టు మళ్లీ అదిమాడు.

“నాది చివర్లో జారేది. సరిచెయ్యడం నాకు చేతకాలేదు.”

“నేనే చెరిపేశానన్నయ్యా,” అన్నాడు. “దాచుండొచ్చు. రికార్డరు పక్కనే ఉంది. దాచలేదు.”

పెద్దల్లుడు పైకప్పు వైపు చూశాడు. “స్పీకరు పక్కనే నిలబడేవాడివి, భోజనాలకి కూడా పోకుండా. జారుడు దగ్గరికొచ్చేసరికి నీ మొహమే చూసేవాణ్ణి. అందుకే మూత తియ్యనివ్వలేదు. నువ్వు చిటికెలో సరిచేసేస్తావని తెలుసు.” ఊపిరి తీసుకున్నాడు. “ఒక్కసారన్నా బాగుందని అన్నావా?”

“లేదు.”

“ఇది బాగుంది.” ఎంత తేలిగ్గా అనేశాడో ఆ మాట. “ఆపకు. ఉండనీ.”

మెట్టు మీద బరువుకి అక్కడ దొరికిన పౌడరు డబ్బా పెట్టాడు చిన్నల్లుడు. శబ్దం చివర ఆగిపోకుండా బిళ్ల తిప్పి, ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాడు. అక్కాచెల్లెళ్లు ఏవో పాత మాటలు చెప్పుకుంటున్నారు. తను చెప్పాల్సిన మాట ఇంకా నాలుక మీదే ఉంది. ‘నీదీ బాగుండేదన్నయ్యా.’ టీ తాగి వెళ్లి చెప్పాలనుకున్నాడు. సగం తాగి గ్లాసు పెట్టేసి లేచేలోపు వదిన లోపలికి వెళ్లింది, వచ్చింది.

“అయిపోయింది,” అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. “ఎవరూ గట్టిగా ఏడవకండి. పిల్ల లేస్తుంది.”

“శబ్దం వింటూ పోయారు, ఎంత పుణ్యాత్ముడో,” అంది భార్య కళ్లు తుడుచుకుంటూ. చిన్నల్లుడి కడుపులో పాత మంట ఒక్కసారి లేచి, ఎవరి మీదకి వెళ్లాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు. తల పక్కకి వాలి ఉంది. చెవుల మీంచి జారిన హెడ్‌ఫోన్లు దిండు పల్లంలో పడి, ఎక్కడో తలుపు తీసిన గదిలాగా, ఇంకా సన్నగా పలుకుతూనే ఉన్నాయి.